రాగి తీగ చుట్టిన సిపాయి

ఆరేళ్లుగా నా బీరువాలో, పాత గుడ్డలో చుట్టి, ఐదు సీసపు సిపాయి బొమ్మలున్నాయి. ఐదూ కలిపి అరచేతిలో పడతాయి. మోయలేక మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఈ కాగితం చదివే మీకు చెబుతున్నాను.

కోట అనే ఊరి దగ్గర రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేయడం నా పని. మెటల్ డిటెక్టర్ నా పిచ్చి. ఒకనాడు సముద్రం ఒడ్డున, క్రైస్తవుల పాత సమాధుల దగ్గర, సరుగుడు చెట్ల కింద అది మోగింది. తుపాన్లకు శిలువలు, సముద్రం వైపు గోడ కొట్టుకుపోయి, సమాధులు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియని ఇసుక అది. మూరెడు లోతున బొమ్మలు దొరికాయి. పక్కనే తెల్లగా ఏదో కనిపించింది. గవ్వ అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకోవాలనుకున్నాను.

ఫోన్ గ్రూపులో ఫొటోలు పెడితే, ఇలాంటివి సేకరించే పెద్దాయన ఒకరు వివరించారు. లోపల డొల్ల, నెత్తిన చిన్న రంధ్రం, పీఠం కింద ఇంగ్లీషు అక్షరాలు. కాబట్టి దొరల కాలం చివర్లో ఇంగ్లీషు సీమ నుంచి వచ్చినవి. ఒక సిపాయి చేతికి చుట్టిన రాగి తీగ మాత్రం ఇక్కడివాళ్ల పనే అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

ఈ సంగతి తెలిసి మా ఊరి ఎస్తేరవ్వ మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. వాళ్ల నాయన దొరల బంగళాలో వంటవాడు.

"నాయనా, మా తమ్ముడు దానియేలు ఏడేళ్లప్పుడు జరమొచ్చి పోయినాడు. దొరసాని ఇచ్చిన బొమ్మలు మాయమ్మ వాణ్ణి పూడ్చే పెట్టెలోనే పెట్టింది. ఒకదానికి చెయ్యి ఊడితే మా నాయన రాగి తీగ చుట్టినాడు. నీకు దొరికినవాటిల్లో అట్టాంటిది ఉండాదా?"

"లేదవ్వా. అయ్యి ఇంకా పాతయి. మీ తాత పుట్టకముందుటియి."

"అట్టనా. వాడి చోటు తెలిస్తే నన్నూ పక్కనే పెట్టమందామనుకున్నా."

సమాధి తవ్వినవాడని తెలిస్తే ఊరు నన్ను గడప తొక్కనిస్తుందా? ఆ భయంతోనే అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయమొక్కటే కాదు, ఆ బొమ్మలు వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

ఈస్టర్ తెల్లవారుజామున అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎస్తేరవ్వకు తమ్ముడి సమాధే కనిపించదు. గుర్తున్నంతలో ఒకచోట ఇసుక మీద పిడికెడు సున్నం చల్లి, ఒత్తి వెలిగించి కూర్చునేది. నేను తవ్విన చోటికి అది నలభై అడుగుల దూరం. నాలుగు ఈస్టర్లు గోడ అవతల నిలబడి చూశాను. ఒక్క మాట చెప్పడానికి నాకేమైంది?

రెండేళ్ల కిందట ఆమె పోయింది. గేటు పక్కన పూడ్చారు. నేనూ మట్టి వేశాను, ఆ బొమ్మలు తవ్వితీసిన చేత్తోనే.

క్షమించమని ఎవరినడగను? అడగడం లేదు. రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆమె కూతురు ఈ ఊళ్లోనే ఉంది. ఈ కాగితం, బొమ్మలు ఆమెకు చేరాలి. పడమటి గోడ మూల నుంచి మూడో సరుగుడు చెట్టు. అక్కడి నుంచి సముద్రం వైపు ఏడడుగులు. దానియేలు అక్కడున్నాడు. పక్కన ఇంకా ఖాళీ ఉంది.