ఏడో ట్రే

ఆ పరిశోధన క్షేత్రంలో ఆమెను అందరూ బ్లేడక్క అనేవారు. కొత్తవాళ్లకు పేరు వినగానే కాస్త హడలు పుట్టేది గానీ, మనిషి మాత్రం కుర్చీ మీద పడుకున్న పిల్లిని లేపలేక నిలబడి పని చేసుకునే రకం. పందొమ్మిదేళ్లుగా ఆమె పని పొద్దుతిరుగుడు గింజలు కోయడం. పొలంలో కాదు, కిటికీ పక్కన బల్ల దగ్గర, ఒక్కో గింజా విడివిడిగా.

పెంకు ఒలిచి, పప్పును పట్టకారుతో పట్టుకుని, వెడల్పు వైపున గోటి చివరంత ముక్క కోస్తుంది. మొన వైపు జోలికి పోదు. మొలక ఉండేది అక్కడే. కోసిన ముక్క ఒక ట్రేలోని చిన్న గాజు బుడ్డిలోకి వెళ్తుంది. మిగిలిన గింజ పక్క ట్రేలో అదే నంబరు గుంటలోకి వెళ్తుంది. ముక్కలో నూనె ఎలాంటిదో యంత్రం చెబుతుంది. నూనె బాగుంటే మిగిలిన గింజను మట్టిలో పెడతారు. పరీక్ష రాసిన గింజే మళ్లీ మొలకెత్తుతుందన్నమాట.

పరీక్ష పెట్టేది డాక్టరమ్మ. పన్నెండేళ్ల కిందట ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు గేటు కాపలాదారు భార్య మోకాళ్ల నొప్పి చూపించుకోవడానికి వచ్చింది. "నేను మొక్కల డాక్టర్నమ్మా" అంటే, "పోనీ మొక్కలకి రాసేదే రాయండి, వాడి చూస్తాను" అందట. ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్విన డాక్టరమ్మా, బ్లేడక్కా అప్పటినుంచి ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నారు.

డాక్టరమ్మ పట్టుదలంతా ఒక్కటే. మామూలు పొద్దుతిరుగుడు నూనె తొందరగా ముక్కవాసన కొడుతుంది. ఓలిక్ అనే ఆమ్లం ఎక్కువున్న నూనె చాలాకాలం చెడదు, పదేపదే కాచినా తట్టుకుంటుంది. ఆ గుణం జన్యువులో ఉంటుంది. చిక్కల్లా అమ్మ వరసనూ నాన్న వరసనూ కలిపి చేసే హైబ్రిడ్ విత్తనం దగ్గరే.

"అమ్మలో ఉంటే చాలదా? నాన్నలోనూ ఉండాలా?" అని బ్లేడక్క భర్త ఒకసారి అడిగాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, ఏదైనా సరే వివరంగా తెలుసుకోకపోతే అన్నం సహించదు.

"చాలదండీ. ఒక్కరిలోనే ఉంటే రైతు పొలంలో కాసే పువ్వులో గింజకో రకం నూనె వస్తుంది. మీరూ మీ తమ్ముడూ ఒక్క తల్లి బిడ్డలే కదా, ఒకేలా ఉన్నారా?"

"వాడికి జుట్టుంది" అని ఒప్పుకున్నాడాయన.

అమ్మ వరస ముందే తయారైంది. నాన్న వరసలోకి ఆ గుణాన్ని ఎక్కించడానికి అయిదు కాపులు పట్టింది. ఆఖరి కాపులో ఎనిమిది ట్రేల గింజలు కోశారు. నాలుగింట ఒక గింజకు ఆ గుణం అటునుంచీ ఇటునుంచీ రెండు పాళ్లూ వస్తుందని లెక్క. యంత్రం ఎంచినవాటిని నాటారు. ఏడో ట్రేలో ఇరవై మూడు మొక్కలు వచ్చాయి. వాటిలో అరవై నాలుగో నంబరు నూనె తొంభై ఒక్క శాతం చూపించింది. డాక్టరమ్మ ఆ మొక్క దగ్గరికి రోజూ వెళ్లి, పెళ్లికొడుకును చూసినట్టు చూసి వచ్చేది. మరో అయిదారు రోజుల్లో పువ్వు విచ్చుకుంటే, దాని పుప్పొడే అమ్మ వరసలో సగానికి పంచాలని అనుకుంది.

ఒక పొద్దున బ్లేడక్క భర్త బస్సుకు ఆలస్యమైందని చొక్కా తొడుక్కుంటూనే గుమ్మం దాటబోయాడు.

"ఆగండి, ఆగండి. గుండీలు చూసుకోండి."

మధ్యలో ఒక గుండీ పెట్టకుండా వదిలేయడంతో కిందివన్నీ ఒక్కో కాజా జరిగి, చివర ఒక కాజా మిగిలింది. ఆమె నవ్వుతూ విప్పి సరిచేస్తూ సగంలో ఆగిపోయింది.

"ఏమైందోయ్?"

"ఏం లేదు. మీరు వెళ్లండి."

ఏడో ట్రే కోసిన రోజు ఆమెకు కళ్లముందు కదలాడింది. ఆ మధ్య చూపు మసకబారుతోంది, అద్దాలు రేపూ మాపూ అంటూ వాయిదా వేస్తోంది. ఆ రోజు ట్రే పూర్తయ్యేసరికి గింజలు నూరూ ఉన్నాయి, ముక్కలు మాత్రం తొంభై తొమ్మిదే. చివరి బుడ్డి ఖాళీ. చివరి ముక్కే ఎక్కడో రాలిందనుకుని, ఆఖరి గింజ నుంచి ఇంకాస్త చెక్కి బుడ్డిలో వేసింది. రాలింది చివరిది కాకపోతే? మధ్యలో రాలి ఉంటే, ఆ ఖాళీ బుడ్డిలో తర్వాతి ముక్క పడి, మిగతావన్నీ ఒక్కో నంబరు వెనక్కి జరిగినట్టే. ఒక గింజ నూనె ఇంకో గింజ పేరున రాసినట్టే.

దారి పొడుగునా ఆమె తనతో తానే వాదించుకుంది. చివరిదే రాలి ఉండొచ్చు. ఎవరూ చూడలేదు. ఈ వయసులో పని పోతే? గేటు దగ్గరికి వచ్చేసరికి వాదించే ఓపిక అయిపోయింది. సరాసరి డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది.

డాక్టరమ్మ గొంతు పెంచింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా? అయిదు కాపుల పని!"

"ఆ రోజు నాకే తెలీలేదమ్మా. ఇవాళ మా ఆయన చొక్కా చూస్తే తట్టింది."

"చొక్కా చూస్తేనా?"

గుండీల సంగతి చెప్పింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో బ్లేడక్కకు కాసేపు అర్థం కాలేదు. కాస్త రెండూ ఉన్నాయి.

"ఎక్కడ రాలిందో గుర్తుందా?"

"గుర్తుంటే ఇలా గడ్డి కరిచి నిలబడతానా?"

ఆ సాయంత్రమే ఇరవై మూడు మొక్కలకూ గుడ్డ సంచులు కట్టేశారు. వాటి పుప్పొడి వాటికే. అలా కాసిన గింజలన్నిట్లో ఒకే నూనె ఉంటే ఆ మొక్క నిఖార్సైనట్టు. అమ్మ వరసకు మిగతా ఏడు ట్రేల మొక్కలనుంచే అందింది. అరవై నాలుగుకు సంచి తొడిగి డాక్టరమ్మ ముడి వేయకుండా ఆగిపోతే, బ్లేడక్క ముడి తానే వేసింది. తర్వాత రోజూ ఎండలో నిలబడి, సంచి విప్పి, పువ్వును కుంచెతో నిమిరి, మళ్లీ కట్టేది. ఆ వారంలోనే కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకుని మొదటిసారి డాక్టరమ్మను చూసి, "నీకు తెల్ల వెంట్రుకలు ఇన్నున్నాయా!" అంది.

పంట ఎండాక ఆ గింజలు కోయడానికి బ్లేడక్క ఒప్పుకోలేదు.

"ఇంకెవరికైనా ఇవ్వమ్మా. నా చెయ్యి నాకే భయంగా ఉంది."

"ఇంకెవరు కోసినా నాకు నిద్ర పట్టదు" అని డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఒకరు కోయడం, ఒకరు నంబరు పైకి చదవడం. పదేసి గింజలు అయ్యాక ఆగి రెండు ట్రేలూ పోల్చుకోవడం. మూడు రోజులు అలాగే సాగింది.

ఫలితం వచ్చింది. యాభై మూడో గుంట దాకా ఉన్న పన్నెండు మొక్కలూ నిఖార్సైనవే. ఆ తర్వాతి పదకొండులో తొమ్మిదింటి గింజల్లో రకరకాల నూనెలున్నాయి. వాటిలో అరవై నాలుగు కూడా ఉంది. తొంభై ఒక్క శాతం నిజానికి పక్కనున్న అరవై అయిదోదన్నమాట. ముక్క కోసి, నాటకుండా వదిలేసిన గింజలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. బ్లేడక్క ఆ అరవై అయిదును వెతికి తీసి, కుండీలో పెట్టి, కంటికి రెప్పలా కాపాడింది. అది మొలకెత్తలేదు. పదిహేను రోజులు చూసి, మట్టి తవ్వి, కుళ్లిపోయిన గింజను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది.

ఆ ఏడు హైబ్రిడ్ విత్తనం అనుకున్నదాంట్లో సగమే వచ్చింది. పై ఆఫీసు నుంచి ఎందుకిలా అని కాగితం వస్తే, "అనుమానం వచ్చిన మొక్కలను మా సిబ్బందే గుర్తించి పక్కన పెట్టారు" అని డాక్టరమ్మ రాసింది. అది చదివి వినిపిస్తే బ్లేడక్క, "తప్పు చేసిందీ ఆ సిబ్బందే అని కూడా రాయమ్మా" అంది. డాక్టరమ్మ రాయలేదు. ఇద్దరూ దానిమీద రెండు రోజులు మాట్లాడుకోలేదు.

మరుసటి పంటకు ఆ విత్తనం పదహారు మంది రైతుల పొలాల్లో పడింది. గింజల నమూనాలు వచ్చిన రోజు డాక్టరమ్మ యంత్రం దగ్గర నిలబడి ఒక్కో గింజ ఓలిక్ శాతం పైకి చదివింది. ఎనభై ఆరు, ఎనభై ఏడు, ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు. బ్లేడక్క అద్దాలు నుదుటి మీదికి తోసుకుని అనుమానంగా చూసింది.

"అన్నీ ఒక్కలాగే వస్తున్నాయేంటి? మిషన్ బాగానే ఉందా అమ్మా?"

"బాగానే ఉందక్కా" అంది డాక్టరమ్మ.

"అయినా ఇంకోసారి పెట్టి చూడు" అంటూ బ్లేడక్క కొత్త బ్లేడు కాగితం విప్పింది.