చేతులు ఆనించకుండా

మా ఎదురింటి డ్రిల్లు మాస్టారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. కబురు తెచ్చింది ఆయన కోడలు. "మా మామ లేడక్కా" అంటూ మా గుమ్మంలోనే కూలబడింది. కాఫీ తాగుతున్న మా అత్తయ్య గ్లాసు కింద పెట్టి, "పదవే, వెళ్దాం" అంది. అంతే. ఆ తర్వాత ఆ గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. అది దాచి, ఆయన్ని ఎంత పొగిడినా ఆయన ఒప్పుకోరు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మా ఆయన ఆఫీసుతో పాటే మేమూ గుంటూరు మనుషులం నాంపల్లికి వచ్చిపడ్డాం. ఆ గల్లీలో మాతో మొదట మాట్లాడింది మాస్టారే. పాత హైదరాబాదు మనిషి, హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. తెల్ల క్యాన్వాసు బూట్లకు రోజూ సుద్ద పూసుకునేవారు. జేబులో విజిల్ ఉండేది, ఎప్పుడూ ఊదేవారు కాదు. అడిగితే, "ముసలోళ్ల ముంగట విజిల్ ఊదుతరా బిడ్డా? పిల్లలకు గానీ!" అని నవ్వేవారు.

మామయ్యగారు చనిపోయిన ఏడాది అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. ఎముక విరగలేదు, మణికట్టు వాచింది, అంతే. కానీ నాకు భయం పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమెను కదలనివ్వలేదు. మంచినీళ్ళు నేనే, కాఫీ నేనే, కూరగాయలు తరగడం నేనే. ఆమె లేవబోతే, "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను లేనూ?" అంటూ పరిగెత్తేదాన్ని. పీట మీద నుంచి చంకల కింద చేతులు వేసి లేపేదాన్ని. మా వైపు పెద్దవాళ్ళను చూసుకోవడం అంటే అదే మరి. గల్లీ అంతా నన్ను మెచ్చుకుంది. నేనూ తెగ మురిసిపోయాను.

ఆరు నెలలు తిరిగేసరికి ఆమె తనంతట తాను లేవలేకపోయింది. ఒక మధ్యాహ్నం బాత్రూము దాకా వెళ్ళలేక చీర తడుపుకుంది. నేను చీర మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఇక మంచాన పడతానేమోనే. అలా బతకలేనే అమ్మాయ్" అని చిన్నపిల్లలా ఏడ్చింది. నూనెలు రాశాం, సూదులు వేయించాం. ఏం లాభం?

మేం పులిహోర పంపిన గిన్నె తిరిగివ్వడానికి ఒక సాయంత్రం మాస్టారు వచ్చారు. సరిగ్గా అప్పుడే అత్తయ్య నీళ్ళు అడిగింది, నేను లేచాను.

"ఆగు బిడ్డా. కడవ గాడనే ఉన్నది గదా, అక్క తెచ్చుకుంటది."

"ఆవిడ లేవలేరు మాస్టారూ."

"లేవలేదా, నువ్వు లేవనిస్తలేవా?"

నాకు ముక్కు మీద కోపం. ఒంటికాలి మీద లేచాను. మా ఇంటి సంగతి మీకెందుకన్నాను, ముసలిదాన్ని కష్టపెట్టమంటారా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన గిన్నె కింద పెట్టి, "నీ మనసు మంచిదే బిడ్డా. కానీ పని లేకుంటే కాళ్లు పనికి రాకుండ అయితయ్. జర కోపం తగ్గినంక ఆలోచించు" అని వెళ్ళిపోయారు.

కోపం మూడు రోజులకు గానీ తగ్గలేదు. ఈలోగా అత్తయ్యే కిటికీలోంచి కేకేసింది: "ఏవండీ మాస్టారూ, మీ డ్రిల్లు ఆడవాళ్ళకు చెప్తారా?"

చెప్పారు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టారు. చేతులు గుండెల మీద కట్టుకుని, దేనికీ ఆనించకుండా లేవాలి. మొదటిరోజు ఒక్కసారి లేచింది, అదీ వణుక్కుంటూ. "ఏక్!" అన్నారాయన. "ఒకటి" అంది అత్తయ్య, ఆ ఉర్దూ అంకెలు తనకెందుకన్నట్టు. ఇద్దరూ చివరిదాకా అంతే, ఆయన ఏక్ అంటే ఈవిడ ఒకటి. కొన్నాళ్ళకు ఒక దిండు పోయింది, తర్వాత రెండోది. కుర్చీ పోయి స్టూలు వచ్చింది. ఏడాది దగ్గర పడుతుండగా పీట వచ్చింది. నన్ను మాత్రం గుమ్మం అవతలే నిలబెట్టేవారు. "నీ చేతులు ఎనకకు పెట్టుకో. గదే నీ డ్రిల్లు" అనేవారు. అమ్మో, అది ఎంత కష్టమో!

ఆ తర్వాత పొద్దున నడక. గల్లీ చివరిదాకా, ఆపైన అబిడ్స్ పోస్టాఫీసుదాకా, చివరికి దుకాణాలు తెరవకముందే మొజంజాహీ మార్కెట్టుదాకా. చూస్తుండగానే చుట్టుపక్కల ముసలివాళ్ళు పదకొండు మంది పోగయ్యారు. ఒకరోజు ఆయన పాత ఉత్సాహంలో గట్టిగా అంకెలు లెక్కపెట్టిస్తుంటే ఊరేగింపేమో అనుకుని కానిస్టేబులు ఆపాడు. "ఏం జులూస్ ఇది?" అని అడిగాడు. "మోకాళ్ల జులూస్ సాబ్. డిమాండ్లు ఏం లేవు" అన్నారు మాస్టారు. అత్తయ్య ఆ మాట వారం రోజులు చెప్పుకుని నవ్వింది. మామయ్యగారు పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

అందరి పేర్లతో ఆయన ఒక నోటుబుక్కు పెట్టారు. నెలకోసారి ఎవరు ఎన్నిసార్లు లేచారో, ఎంత దూరం నడిచారో, ఎవరు మానేశారో రాసేవారు. వానలకు నడక ఆగిన నెలల్లో అందరూ ఎలా వెనకబడ్డారో కూడా అందులో ఉంది. లాభం కనిపించనివాళ్ళవి ఎందుకు రాస్తారని అడిగాను ఒకసారి. "అయ్యి కూడ రాయాలె బిడ్డా. మంచియే రాస్తే గది పరీక్ష ఎట్లయితది?" అన్నారు. గన్‌ఫౌండ్రీలో ఉండే ఒక డాక్టరుగారు ఆ పుస్తకం చూసి, ఆ పై నెల నుంచి తనే వచ్చి అందరి నాడి చూసి అందులో రాయడం మొదలుపెట్టారు. మాస్టారు ఆ రోజు బూట్లకు రెండుసార్లు సుద్ద పూశారు.

మా అత్తయ్యకు ఇప్పుడు డెబ్బై దాటాయి. తన నీళ్ళు తనే ముంచుకుంటుంది, బాత్రూముకు తనే వెళ్తుంది. నేను మంచానికి కట్టేసిన మనిషిని ఆయన విడిపించారు. నన్ను ఒక్కనాడు కూడా దెప్పలేదు. ఆ మాట ఆయన ఎదుట చెప్పలేకపోయాను, ఇప్పుడు ఇలా కాగితం మీద దండం పెడుతున్నాను.

మంగళవారం ఆ ఇంట్లో ఆడవాళ్ళమంతా నేల మీద కూర్చున్నాం. ఆయన్ని తీసుకువెళ్ళే వేళకు అందరూ లేచారు. అత్తయ్య కోసం ఇద్దరు ముగ్గురు చేతులు చాచారు. పాత అలవాటు, నా చెయ్యీ ముందుకు వెళ్ళింది. ఆమె నా వైపు చూసింది. నేను చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను.

అత్తయ్య రెండు చేతులూ గుండెల మీద కట్టుకుంది. కాళ్ళు దగ్గరకు తీసుకుని, ముందుకు వంగి, నెమ్మదిగా, దేనికీ ఆనకుండా లేచి నిలబడింది. ఆయన మొహంకేసి చూస్తూ, ఆయనకు వినబడాలన్నట్టు గట్టిగా అంది:

"ఏక్."