ఫుజైరా తోటలో ధనుష్టంకారం

2006 జనవరి 13, శుక్రవారం. ఫుజైరా, కఫీల్ గారి తోట. ఉన్నవారు: కఫీల్ గారు, విల్లు బిగించడానికి వచ్చిన దుకాణం మనిషి, మా బావమరిది, నేను.

మొన్న టీవీలో విలువిద్య పోటీల ముందు ఒక అమ్మాయి బాణం లేకుండా నారి లాగి చూసుకుంటుంటే, నా చేయి దానంతటదే కళ్లకు అడ్డం వచ్చింది. ఇంట్లోవాళ్లు నవ్వారు. అందుకే ఆనాటి డైరీ తీశాను.

అప్పట్లో నేను అక్కడి రాళ్ల క్వారీలో స్టోరు చూసేవాణ్ణి. మా ఆవిడ తమ్ముడు నెల్లూరు నుంచి విజిట్ వీసా మీద వచ్చి, పని దొరకక, గడువు ముగిసి తిరిగి పోవలసిన స్థితిలో ఉండగా, క్వారీ యజమాని, మా అందరి వీసాలకూ పూచీ అయిన కఫీల్ గారు, డ్రైవరుగా పెట్టుకుంటాను, శనివారం పొద్దున కాగితాలు తెస్తే సంతకం చేస్తాను అన్నారు. మేము కొండంత ఊరటతో ఉన్నాం.

కఫీల్ గారు ఆఫ్రికాకు వేటకు వెళ్లబోతున్నారు. కొనల్లో చక్రాలుండే తన కాంపౌండ్ విల్లు పెద్ద జంతువులకు చాలదని, పాత బద్దలు తీయించి గట్టివి వేయించారు, కొత్త నారి కట్టించారు, తేలిక బాణాలకు బదులు బరువైన కార్బన్ బాణాలు తెప్పించారు. దుబాయ్ దుకాణం మనిషి అన్నీ బిగించి, గడ్డిమోపు మీద ఆయన చేత బాణాలు వేయించి చూశాడు. గురి కుదిరింది. ఇద్దరూ నమాజుకు వెళ్తూ బాణాలు కారులో పెట్టి తాళం వేసి, విల్లు మాత్రం చాప మీద వదిలారు.

మా బావమరిది ఊళ్లో పౌరాణిక నాటకాలు వేసినవాడు. "బావా, మన నాటకంలో తెర వెనక డప్పు కొట్టి మోసం చేసేవాళ్లు గదా, ఇప్పుడు అసలు టంకారం వినండి," అంటూ విల్లెత్తి, నారి చెవిదాకా లాగి, ఉత్తగా వదిలేశాడు.

లారీ టైరు పేలినట్టయింది. బద్ద నిలువునా చీలి, ఒక చక్రం ఎగిరి నీళ్ల ట్యాంకుకు సొట్ట పెట్టింది. తెగిన నారి వాడి కనుబొమ్మను కోసింది. బాణం ఉంటే ఆ బలమంతా అది పట్టుకుపోతుందట, లేకపోతే విల్లే భరించలేక బద్దలవుతుందట. ఆ సంగతి దుకాణం మనిషి చెప్పాక గాని మాకు తెలియలేదు. పరుగెత్తుకొచ్చిన కఫీల్ గారు ముక్కలవైపు చూడనైనా లేదు. వాడి గడ్డం పట్టుకుని కన్ను తెరిపించి చూసి, "సుబహ్ ఆఫీస్ ఆనా," అని, పొద్దున ఆఫీసుకు రమ్మని చెప్పి వెళ్లిపోయారు. వాడు గదికి రాగానే పెట్టె సర్దుకున్నాడు.

ఇప్పుడు అక్కడ యజమాని ముఖం చూడకుండానే ఉద్యోగాలు వస్తున్నాయి, ఫోనులో ఒక్క మెసేజ్‌తో పోతున్నాయి అని మావాళ్ల పిల్లలు చెబుతుంటారు. సంజాయిషీ చెప్పుకోవడానికి ఎదుట ఒక మనిషి కూర్చుని ఉండటం ఎంత భాగ్యమో ఆనాడు నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున విల్లు ముక్కలు ఆయన బల్ల మీద ఉన్నాయి. "తీర్ నహీ థా, ఫిర్ క్యోఁ ఛోడా?" అని అడిగారు. హిందీ రాని మా బావమరిది, "బాణం లేకుండా ఎందుకు వదిలావనే గదా? ఉన్నదున్నట్టు చెప్పండి బావా," అన్నాడు. మా నాటకాల్లో వీరుడు యుద్ధానికి ముందు ఉత్త నారి మోగిస్తాడని, ఆ చప్పుడుకు శత్రువులు వణుకుతారని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

ఆయన ఆ ముక్కలను పక్కకు జరిపారు. శత్రువుల సంగతి తెలియదు గాని నేను మాత్రం వణికాను, అన్నారు హిందీలోనే. మేము తెచ్చిన వీసా కాగితాలు దగ్గరకు లాక్కుని సంతకం చేశారు.