పందొమ్మిదిన్నర అంగుళాల భుజం

పోలీస్ స్టేషన్ పక్క సందులో నలభై ఏళ్ళు మిషను తొక్కిన దర్జీ సమ్మయ్య ఇక లేడు. ఆయన భార్యను నేను, నర్సమ్మను. పది రోజుల కింద శనివారం పొద్దున పదకొండు గంటలకు ఒక ఖాకీ అంగీకి కాలరు వేస్తూ వేస్తూ మిషను మీదికి వాలాడు. మెడలో టేపు అట్లాగే ఉంది. గ్యాసు నొప్పి అనుకుని వాము నమలమని ఇచ్చాను. ఆ పది నిమిషాలు నేను ఎవరికి జవాబు చెప్పుకోవాలో తెలియదు. పెద్ద దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఇయ్యాల ఏ వారమే?"

"శనివారం. మాట్లాడకు, జర ఓర్సుకో."

"సోమారం దాకుంటె సాలు."

ఉండలేదు. దవాఖాన గేటు కనబడుతుండగానే పోయాడు.

దర్జీల సంఘం వాళ్ళు సంతాప సభ నాడు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, రాయడం సంతకం దాకే. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు సుజాత రాస్తున్నది. బడిలో టీచరు. మొదటి ముక్కలోనే 'సౌమ్యమూర్తి, శ్రమజీవి, అజాతశత్రువు అయిన సమ్మయ్య గారు దివంగతులైనారు' అని రాసి చదివింది. వినడానికి బాగుంది. సౌమ్యమూర్తి ఉంచమన్నాను, శ్రమజీవి ఉంచమన్నాను. అజాతశత్రువు కొట్టేయమన్నాను. ఆయనకు శత్రువు కావలసిన మనిషి ఒకడున్నాడు. పన్నెండేళ్ళుగా జైల్లో ఉన్నాడు.

ఆ సంగతికి వస్తాను. ముందు ఆయన పనితనం చెప్పకపోతే మీకు ఇది అర్థం కాదు.

గడప దాటి లోపలికి వచ్చే మనిషిని చూసే కొలత చెప్పేవాడు. తర్వాత టేపు పెట్టేవాడు, అర అంగుళం కూడా తేడా వచ్చేది కాదు. కొత్తగా పొట్ట పెరిగిన వాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడితే వాళ్ళు మళ్ళీ ఊపిరి వదిలేదాకా ఊరికే నిలబడేవాడు. "మనిషి నోటితోని సన్నగుంటడు గని టేపుతోని ఉండడు పటేలా, ఇడువు" అనేవాడు. ప్రతి కొలతా పుస్తకంలో రాసేవాడు. గిరాకీకి ఒక చీటీ ఇచ్చేవాడు, దాని మీద పేరు, కొలతలు, మూలకు గుండుసూదితో గుచ్చిన బట్ట ముక్క. అరను అందరిలా రాయడు. చిన్న చుక్క పెట్టి చుట్టూ సున్నా చుడతాడు. ఈ వరంగల్‌లో ఆయన చీటీ పుచ్చుకోని పెళ్ళికొడుకులు మా కాలంలో తక్కువ.

స్టేషన్ పక్కనే కాబట్టి పోలీసుల బట్టలన్నీ ఆయనే కుట్టాడు. దానితో పాటు ఇంకొకటి కూడా అలవాటైంది. పోలీసులు ఏదైనా వస్తువు పట్టుకుంటే ఇద్దరు బయటి మనుషులు కళ్ళారా చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. పంచనామా అంటారు. మా సందులో ఆ ఇద్దరు ఎప్పుడూ మా ఆయనా, ఎదురుగా ఇస్త్రీ పెట్టే ముసలాయనా. చూడడం అనేది పోయింది, సంతకం మిగిలింది. కానిస్టేబుల్ కాగితం పట్టుకుని వచ్చేవాడు, లేదా రమ్మని చెయ్యి ఊపేవాడు. పోయి పెట్టి వచ్చేవాడు. చాయ ఇప్పించేవాళ్ళు. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు. మాకూ తోచలేదు.

పన్నెండేళ్ళ కింద మార్కెట్‌లో ఒక మిర్చి దుకాణం గుమాస్తాను ఎవరో చంపారు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చున్నాడు. కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడ్డాడు. "తిన్నంక వస్త" అన్నాడు ఆయన. నేనే అన్నాను, "పోయి రారాదయ్యా, పెట్టేది గీతంత సంతకం. ఎస్సై సారు ఎదురుసూస్తాండట." పోయాడు. అన్నం చల్లారకముందే వచ్చాడు. ఒక మనిషి బతుకు జైలుపాలు కావడానికి అంతసేపే పట్టిందని అప్పుడు నాకేం తెలుసు.

ఆ కాగితంలో ఉన్నదిది. నర్సంపేట దిక్కు పల్లె నుంచి వచ్చి మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ ఐలయ్య తన గదిలో బస్తాల కింద దాచిన నెత్తుటి అంగీని తానే తీసి ఇచ్చాడని, అది సమ్మయ్య కళ్ళారా చూశాడని. ఆయన ఆ గది ముఖం ఎన్నడూ చూడలేదు.

తర్వాత కోర్టుకు పిలిచారు. అంగీ విప్పి చూపించి, నీ ముందర దొరికింది ఇదేనా అని అడిగారు. ఔనన్నాడు. ఆ మాట కోసమే పిలిచారు, ఆ మాటే చెప్పి వచ్చాడు. ఐలయ్యకు యావజ్జీవం పడింది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని మిషను మీద కూర్చున్నాడు. నాతో ఏమీ అనలేదు. చాలా ఏళ్ళు అనలేదు.

ఆయన లోపల అది మెదలడం మొదలైంది ఫోను వల్ల. మా అల్లుడు పాత ఫోను ఇచ్చిపోయాడు. అందులో నేరాల మీద తీసిన డాక్యుమెంటరీలు ఉంటాయి కదా, నిజంగా జరిగినవి, ఏ దేశానివో, తెలుగులో మాటలు పెట్టినవి. మొదట కాలక్షేపానికే చూశాడు. తర్వాత కాజాలు కుడుతూ చూశాడు, అన్నం తింటూ చూశాడు.

"ఏం పిచ్చయ్యా ఇది? అన్నంకాడ గూడ పీనుగులేనా?" అని నేను తిట్టేదాన్ని.

"పీనుగను సూస్తలేనే. కాయితం మీద దస్కతు పెట్టినోన్ని సూస్తాన."

ఒక దాంట్లో ఒక ముసలామె ఉంటుంది. ఆమె సాక్ష్యంతో ఒకడు ఇరవై ఏళ్ళు జైల్లో మగ్గి, చేయని నేరమని తేలి బయటికి వస్తాడు. ఆమెను అడిగితే, "వాళ్ళు చెప్పారు, నేను ఔనన్నాను" అంటుంది. ఆ ఒక్క ముక్కను వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. నాకు తల తిరిగిపోయేది. చాయ దుకాణమాయన పరాచికం ఆడేవాడు, "ఏం డిటెక్టివ్ సమ్మన్నా, ఇయ్యాల హంతకుడు దొరికిండా?" అని. "హంతకుడు దొరకకపాయె గని దర్జీ దొరికిండు" అన్నాడు ఒకసారి. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేముందు చెప్పాడు. కోర్టులో అంగీ చేతికి ఇవ్వగానే వేళ్ళకు తెలిసిపోయిందట. పదహారున్నర భుజం, సన్నటి మనిషిది. బోనులో నిలబడ్డ ఐలయ్య గుమ్మం నిండేంత మనిషి. అంతేకాదు, వాని పెళ్ళి అంగీ కుట్టింది ఈయనే. ఈయన ఔనన్నప్పుడు వాడు బోనులోంచి ఒక్క మాట అన్నాడట, "సమ్మన్నా, నా కొలత నీకెరుకే గదనే." జడ్జి ఊకొమ్మన్నాడు. వాడు ఊకున్నాడు. ఈయనా ఊకున్నాడు.

అప్పుడు నేనేమన్నానో దాచను. "ఇప్పుడెందుకయ్యా? ఖాకీ బట్టలతోనే బతుకుతానం. ఆ సినిమాలల్ల అందర్నీ మంచోల్లనే సూపిత్తరు. అంగీ ఆనిది కాకపోయినా సంపింది ఆడే కావచ్చు గద" అన్నాను.

"కావచ్చు. సంపిండో లేదో నాకెరుకలేదు. అంగీ మాత్రం ఆనిది కాదు. నాకెరుకైన కాడికి నేను జెప్పాలె."

ఇప్పటికీ నాకు తెలియదు వాడు చంపాడో లేదో. అందుకే నిద్ర లేదు. తెలిస్తే ఒక పక్కకు ఒరిగి కూర్చునేదాన్ని.

అప్పటి నుంచి పాత కొలతల పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాడు. ట్రంకుపెట్టెలో కొన్ని చెదలు తిన్నవి, కొన్ని వాన తాగినవి. నెల రోజులు ఎండకు పెట్టి, ఒక్కో కాగితం విడదీసి చూశాడు. దొరికిన రోజు నన్ను పిలిచాడు. "ఇగ సదువు" అన్నాడు. అంకెలు నాకు వచ్చు, గుండీలు కుట్టేది నేనే. ఐలయ్య, పెండ్లి అంగీ, ఊరి పేరు, భుజం పందొమ్మిది, పక్కన చుక్క చుట్టూ సున్నా. పందొమ్మిదిన్నర. మూడు అంగుళాల తేడా. ఆ అంగీ వాడు తొడుక్కోవడం కాదు, ఒక చెయ్యి కూడా దూరదు.

ఇద్దరం బస్సెక్కి ఐలయ్య తల్లి దగ్గరికి పోయాం. కొమురవ్వ అంటారు. వాకిట్లో పత్తి గింజలు ఏరుతున్నది. ఈయన నిలబడి చెప్పాడంతా. ఆమె తల ఎత్తలేదు.

"చేతులు పొట్టిగైనయని పెండ్లి నాడు పొద్దుగాల మల్ల విప్పి కుట్టిచ్చినవ్ బిడ్డా. గంత మతికున్నోనికి గిది మతికి రాలేదా?"

ఈయన, "ఆ అంగీ ఉన్నదా అవ్వా?" అని అడిగాడు.

"పాతబడ్డదని బొంతల కుట్టేసిన. బొంత గూడ చినిగిపాయె."

అని లేచి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఈయన నిలబడే తాగాడు. వచ్చేటప్పుడు ఆమె, "జైల్ల దుప్పట్లు నేస్తాండట. ఆని చేతి దుప్పటి ఒక్కటన్న నా మీద కప్పాలని ఉన్నది" అంది. ఎవరితో అన్నదో, మా వైపు చూడలేదు.

ఐలయ్య అప్పీలు ఇంకా హైకోర్టులో నడుస్తున్నది. హనుమకొండలో ఒక వకీలమ్మ చూస్తున్నది. ఆమె కొలతల పుస్తకం చూసి, అంగీ కోర్టులో సీలు కింద భద్రంగా ఉండాలి, మళ్ళీ కొలవమని అడుగుతానంది. కానీ పుస్తకం ఒక్కటి చాలదు, పంచనామా మీద ఏమీ చూడకుండా సంతకం పెట్టానని నీ నోటితో చెప్పాలంది. అట్లా చెబితే అబద్ధపు సాక్ష్యం చెప్పావని నీ మీదే కేసు కావచ్చు, జైలు పడవచ్చు అని కూడా దాచకుండా చెప్పింది.

"జైల్ల మిషిన్ ఉంటదామ్మా?" అని అడిగాడు ఈయన. ఆమెకు నవ్వాలో వద్దో తెలియలేదు.

శుక్రవారం నాడు కాగితం తయారైంది. ఇంగ్లీషులో టైపు చేశారు. ఇక్కడ సంతకం పెట్టమని వేలు చూపించింది. ఈయన పెన్ను కింద పెట్టాడు. "తెలుగుల రాపియ్యి తల్లీ. ఒకసారి సదవకుంట పెట్టి ఒకని బతుకు చెడగొట్టిన. ఈసారి సదివే పెడత." ఆమెకు కోపం రాలేదు. సరే, సోమవారం రమ్మంది.

మీరు ఆలోచించండి. నేను ఈ పది రోజులుగా అదే ఆలోచిస్తున్నాను, వంట మధ్యలో లేచి వాకిట్లోకి పోతున్నాను, ఎందుకు పోయానో తెలియదు. చదవకుండా పెట్టి ఒకసారి చెరిపాడు. చదివి పెడతానని ఆగి ఇంకోసారి చెరిపాడు. శుక్రవారం పెట్టి ఉంటే ఐలయ్య చేతిలో ఒక మాట ఉండేది. ఆయన మీద కోపం వస్తుంది. కోపం పట్టుకుని కూర్చుంటే, ఆయన పెన్ను కింద పెట్టిన తీరు గుర్తొస్తుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి అంత నిటారుగా కూర్చోవడం నేను చూడలేదు.

ఇస్త్రీ ముసలాయన ఎప్పుడో పోయాడు. ఆ మధ్యాహ్నం ఏ గదీ చూడలేదని చెప్పగలిగిన నోరు ఒక్కటే మిగిలింది, అదీ పోయింది. నేను పోయి చెబుతానంటే, నువ్వు విన్నదే గాని చూసింది కాదు, అంత బలం ఉండదని వకీలమ్మ అన్నది. ఇలాంటి దర్జీ మళ్ళీ పుట్టడని సంఘం వాళ్ళు అంటున్నారు. దర్జీలు పుడతారు. ఆ మాట చెప్పేవాడు పుట్టడు.

మిగిలింది కొలతల పుస్తకం. ఆ పేజీ సమ్మయ్య చేతిరాతేనని, నిన్న మొన్న రాసింది కాదని తేలాలి. నా మాట పనికొస్తుంది గాని, అవతలి వకీలు నీకు చదువెంత అని అడుగుతాడట. ఆయన రాత ఎరిగిన వాళ్ళు ఇంకొందరు కావాలి.

అందుకే ఈ నాలుగు మాటలు. ఆయనకు దండలు తేవద్దు. మీ ఇంట్లో పెట్టె అడుగున, పెళ్ళి బట్టల మడతలో, సమ్మయ్య రాసిచ్చిన పాత చీటీ ఎక్కడైనా ఉంటే వెతికి తీసుకురండి. దుకాణం నేను రోజూ తీసే ఉంచుతున్నాను. అసలు పుస్తకం వకీలమ్మ దగ్గర ఉంది, ఆ పేజీ జిరాక్స్ నా దగ్గర ఉంది. మీ చీటీ పక్కన పెట్టి చూడండి. చుక్క చుట్టూ సున్నా చూడండి. ఆయన రాతేనని మీ కళ్ళకు తెలిస్తే వచ్చి కోర్టులో చెప్పండి. ఆయన మీద అభిమానంతో చెప్పవద్దు, నా మీద జాలితో చెప్పవద్దు. పోల్చలేకపోతే పోల్చలేమని చెప్పి చాయ తాగి పోండి, నేనేమీ అనుకోను. చూడకుండా మాత్రం ఎవరూ సంతకం పెట్టకండి.

సుజాత ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించింది. ఒకచోట ఆపించి మార్పించాను. ఇప్పుడు పెన్ను ఇమ్మన్నాను.

నర్సమ్మ