దీపం బురుజు ఎక్కిన ఆదివారం

మా పెళ్ళయిన రెండో ఏడు మా అత్తగారు మమ్మల్ని చూడడానికి కూకట్‌పల్లి వచ్చారు. డెబ్బయ్యో దశకం సగానికి వచ్చిన రోజులవి. మా ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసేవారు. మేము కూకట్‌పల్లి ఊరి మధ్యలో ఒక పెంకుటింట్లో సగభాగం కిరాయికి తీసుకున్నాం. మిగతా సగంలో ఇంటావిడ, ఆవిడ బర్రెలు ఉండేవి. మా వంటింటికీ ఆవిడ పశువుల కొట్టానికీ మధ్య గోడ మనిషెత్తు కూడా లేదు. ఈ పక్క మాట్లాడింది ఆ పక్క బర్రెలక్కూడా వినిపించేది.

మా అత్తగారిది కాకినాడ వైపు సముద్రం ఒడ్డున ఊరు. వచ్చిన మర్నాటి నుంచీ ఆవిడకు హైదరాబాదులో ఏదీ నచ్చలేదు. ఈ నీళ్ళలో పప్పు ఉడకదన్నారు. ఇక్కడి గాలి పొడిపొడిగా ఉందన్నారు. ఎటు చూసినా రాళ్ళేనన్నారు. అవన్నీ ఇంటావిడ గోడకవతల పాలు పిండుకుంటూ వింటూనే ఉండేది. ఏమీ అనేది కాదు గానీ పాలధార బిందెలో కాస్త గట్టిగా మోగేది.

ఒకనాడు పొద్దున్నే అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గర నిలబడి అన్నారు: "మా ఊళ్ళో లైట్‌హౌస్ ఉందండీ వదినగారూ. దాని వెలుగు ఎక్కడో నడిసముద్రంలో ఓడలకి కనబడుతుంది."

"లైటౌజా? గదేంది?" అంది ఇంటావిడ.

ఆ ప్రశ్న మా ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది. ఆయనకు దేన్నయినా విడమరిచి చెప్పడమంటే ప్రాణం. దేవుడి దగ్గర దీపం, వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి, గోడమీద పెట్టి, వెలుగు ఎలా వెనక్కి తగిలి ముందుకు పోతుందో ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా చెప్పారు. ఇంటావిడ ఓపిగ్గా విన్నది.

"గంతేనా? గసొంటిది మాకు గూడ ఉన్నది. మా తల్లిగారి ఊరి చెర్వు కట్ట మీద. దీపం బురుజంటరు," అంది.

అత్తగారు నవ్వారు. "చెరువుకి లైట్‌హౌస్ ఎందుకండీ? కప్పలకి దారి చూపించడానికా?"

ఇంటావిడ బిందె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ లైటౌజ్ ఎక్కినవా వదినె నువ్వు?"

అత్తగారు కాఫీ గ్లాసులోకి చూశారు. "లేదండీ. దాన్నెక్కాలంటే ఆఫీసర్ల పర్మిషన్ కావాలి. మావారు చూద్దాంలే, చూద్దాంలే అంటూ ఉండేవారు. అలాగే వెళ్ళిపోయారు."

ఇంటావిడ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఇన్నేండ్లు దాని కిందనే కాపురం జేసి ఎక్కకపోతివా! ఇగ మా బురుజుకు ఎవ్వని పర్మిషన్ వద్దు. ఐతారం బండి గడ్త. తయారుండుండ్రి."

ఆదివారం పొద్దున ఎడ్లబండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, ఇంటావిడే పగ్గాలు పట్టుకుని కూర్చుంది. ఆడమనిషి బండి తోలడం మా అత్తగారు అంతకుముందు చూడలేదు. కాసేపు దేవుణ్ణి తలుచుకున్నారు. ఎడ్లు తిన్నగా నడుస్తున్నాయని తేలాక, తోలడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. "నేర్సుకునుడేంది? పగ్గం గుంజితె ఆగుతయి, ఇడిస్తె పోతయి," అంది ఇంటావిడ.

తెల్లాపూర్ వైపు పోయే దారి అది. ఇప్పుడు ఆ దారంతా అద్దాల మేడలు, మూడంతస్తుల వంతెనలు. ఆనాడు మాకు ఎదురైన ట్రాఫిక్ ఒక మేకలమంద, ఒక సైకిలు. దారికి రెండు పక్కలా ఏనుగులంత బండరాళ్ళు ఒకదానిమీద ఒకటి కూర్చుని ఉండేవి. వాటి సందుల్లో సీతాఫలం పొదలు. మా ఆయన కొత్త టెరిలిన్ చొక్కా వేసుకుని, ఆ రాళ్ళు ఎలా ఏర్పడ్డాయో మాకు చెబుతూ వచ్చారు. వినేవాళ్ళు ఎవరూ లేకపోతే ఎడ్లకు చెప్పేవారేమో.

చెరువు కనబడగానే అత్తగారు బొంతమీంచి మెడ సాచి చూశారు. వానలకు నిండి, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నీళ్ళు మెరుస్తున్నాయి. కట్ట చివర, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన బండమీద బురుజు ఉంది. సున్నం, రాయి కలిపి కట్టిన గుండ్రటి కట్టడం. మసీదు మీనారుకి కాస్త ఒళ్ళు వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నెత్తిన ఇనప చట్రాల గది. అద్దాలు ఎప్పుడో రాలిపోయాయి.

కట్టమీద వేపచెట్టు కింద చెరువు కావలిదారు పడుకుని ఉన్నాడు. ఈ బురుజు ఎవరు కట్టించారని మా ఆయన అడిగారు. నీళ్ళకోళ్ళ వేటకి వచ్చే పెద్ద నవాబు, పొద్దుగూకినాక పడవలు ఒడ్డు తెలుసుకోవడానికి కట్టించాడని అతను చెప్పాడు. నవాబు కాదు, మా ముత్తాతల నాటి దొర అంది ఇంటావిడ. కట్టిన తీరు చూస్తే ఇద్దరూ పొరబడుతున్నారన్నారు మా ఆయన. ముగ్గురూ వాదించుకుంటుంటే అత్తగారు చెప్పులు విప్పి బురుజు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"పొండ్రి, పొండ్రి," అన్నాడు కావలిదారు. "పైన నా మేక ఉన్నది. పొద్దుగాల ఎక్కింది, దిగుతలేదు. జర కిందికి తోలుండ్రి."

మా ఆయన ముందు, అత్తగారు ఆయన వెనక, ఆ వెనక ఇంటావిడ, చివర నేను. లోపల చీకటి, పావురాల వాసన. నడిమి స్తంభం చుట్టూ మెట్లు మెలికలు తిరుగుతూ పోయాయి. ఒక మనిషి పట్టేంత వెడల్పు మాత్రమే ఉంది. మా ఆయన గొంతు పైనుంచి గుమ్మటంలో మాట్లాడినట్టు వినిపిస్తోంది.

"ఈ మెట్ల రాళ్ళు చూశారా అమ్మా, ఒక్కొక్కటీ స్తంభంతో కలిపి ఒకే రాయిలో చెక్కారు. అందువల్ల బరువంతా..."

బరువంతా ఏమవుతుందో మాకు తెలియలేదు. మాట అక్కడే ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం.

ఏం జరిగిందంటే, ఆ మలుపులో గోడకు మోకాలెత్తున పెద్ద కంత ఉంది. అందులోంచి చూస్తే కింద బండ, నీళ్ళు, మా బండి, ఎడ్లు, అన్నీ అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. మా ఆయన చూశారు. చూసి, ఉన్నచోటే మెట్టుమీద కూర్చుండిపోయి, స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నారు.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు.

"ఏం లేదమ్మా. గాలి బాగుంది. కాసేపు కూర్చుంటాను. మీరు వెళ్ళండి."

"వెళ్ళడానికి దారేదిరా?"

పైకి పోలేరు, కిందికి రాలేరు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఎత్తంటే ఆయనకు భయమని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. చదును నేలమీద పుట్టి, చదును నేలమీదే ఉద్యోగం చేస్తున్న మనిషి.

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, కన్నకొడుకు మీదుగా అడుగేసి దాటిపోయారు. ఇంటావిడ తటపటాయించింది. "మనిషిని దాటితె పెరగరంటరు," అని ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ఇగ పెరిగేదేమున్నదిలే అల్లుడా," అని తానూ దాటింది. నన్ను ఆయన ఒక కన్ను తెరిచి చూశారు. "నువ్వు కూడానా?" అన్నారు. "మేకని తోలాలి కదండీ," అని నేనూ దాటాను.

పైగది చుట్టూ నడవడానికి కొంచెం చోటు, నడుమెత్తు ఇనప కంచె. అత్తగారు ఆ కంచె పట్టుకుని నిలబడ్డారు. గాలికి కొంగు ఎగిరిపోతోంది, సర్దుకోలేదు. చెరువు మీద అలలు సన్నగా కట్టవైపు వస్తున్నాయి. వాదనకి సిద్ధపడి వచ్చిన ఇంటావిడ కూడా పక్కన కంచె పట్టుకుని నిలబడింది.

"పెళ్ళయిన కొత్తలో రాత్రిపూట ఆ వెలుగు మా వంటింట్లోకి వచ్చి గిన్నెలన్నీ ఒక్కసారి తళుక్కుమనిపించి పోయేది," అన్నారు అత్తగారు. "అక్కణ్ణుంచి చూస్తే మా ఇల్లెలా కనబడుతుందో అనుకునేదాన్ని. ఇంతే కనబడుతుందన్నమాట." అంటూ కింద చీమల్లా ఉన్న మా ఎడ్లని చూపించారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. అడుగుదామనుకునేలోపు మా వెనక మేక అరిచింది.

మామూలు అరుపు కాదది. ఇంటావిడ తిరిగి చూసింది. "అయ్యో నా తల్లీ! ఇది ఈనవట్టింది!"

దీపం ఉండాల్సిన గద్దె పక్కన, నీడలో, ఆ మేక పడుకుని ఉంది. దిగనని మొండికేసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్ళూ బురుజునీ చెరువునీ మరిచిపోయారు. అత్తగారు వేడినీళ్ళు కావాలన్నారు. "బురుజు మీద ఉడుకునీళ్ళు ఏడ తేవాలె?" అంది ఇంటావిడ. అయితే కనీసం మెత్తటి గుడ్డయినా తెమ్మని అత్తగారు నన్ను బండి దగ్గరికి పంపారు. నేను మళ్ళీ ఆయన్ని దాటి కిందికి, గుడ్డ తీసుకుని ఆయన్ని దాటి పైకి, మళ్ళీ మంచినీళ్ళ కూజా కోసం దాటి కిందికి.

"పైన ఏమవుతోంది?" అన్నారాయన, కళ్ళు తెరవకుండా.

"పురుడు."

ఆయన కళ్ళు రెండూ తెరుచుకున్నాయి. "ఎవరికి?"

సమాధానం చెప్పేంత తీరిక నాకు లేదు. పైన అత్తగారు మేక తల నిమురుతూ, "కాస్త ఓర్చుకో తల్లీ, అయిపోయింది," అంటున్నారు. ఇంటావిడ రెండో పక్క కూర్చుని పని కానిస్తోంది. కోస్తా వాళ్ళకి మేకల సంగతేం తెలుసని ఆవిడ, పురుడంటే ఎక్కడైనా పురుడేనని ఈవిడ, అరుచుకుంటూనే ఒకరి చేతికి ఒకరు గుడ్డ అందించుకున్నారు. మొదట ఒక నల్లపిల్ల పుట్టింది. ఇద్దరూ సంబరపడి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి, తెల్ల మచ్చలది, పుట్టింది.

కాసేపటికి పిల్లలు రెండూ వణుకుతూ నిలబడ్డాయి. ఇక దిగాలి. నల్లదాన్ని ఇంటావిడ చంకనెత్తుకుంది. మచ్చలదాన్ని అత్తగారు తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చి, మెట్లమీద స్తంభాన్ని కౌగిలించుకుని ఉన్న కొడుకు ఒళ్ళో పెట్టారు.

"ఇది పట్టుకుని దిగు."

"అమ్మా, నేను దిగలేనమ్మా."

"నిన్నెవరు దిగమన్నారు? దాన్ని దించమన్నాను."

ఆయన దానికేసి చూశారు. అది ఆయన టెరిలిన్ చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరించింది. స్తంభం మీంచి ఒక చెయ్యి తీశారు. తర్వాత రెండోది కూడా తీశారు. మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, జరుగుతూ, పిల్లని గుండెకు హత్తుకుని దిగడం మొదలుపెట్టారు. దారిలో ఆగిపోదామని ఒకచోట అనుకున్నారు. కానీ తల్లిమేక సరిగ్గా ఆయన వీపు వెనకే ఉంది. తన పిల్లని ఎవడో ఎత్తుకుపోతున్నాడని దాని అనుమానం. ఆయన ఆగినప్పుడల్లా తలతో వీపుమీద ఒకటి ఇచ్చేది. "ఏయ్! వస్తున్నా, వస్తున్నా!" అనే ఆయన కేకలు బురుజంతా మోగాయి. వాటి వెనక ఇంటావిడ నవ్వు మోగింది. ఆవిడ నవ్వితే పావురాలు ఎగిరిపోయాయి.

గుమ్మంలోంచి మొదట మా ఆయన కూర్చుని జారుతూ బయటికొచ్చారు. ఆ వెనక మేక, ఆ వెనక మేము. కావలిదారు లేచి కూర్చుని అందరినీ ఒకసారి చూశాడు.

"ఒక్క మేకను తోలుమంటె మూడు తెచ్చిండ్రేంది?"

వేపచెట్టు కింద అందరం తిండికి కూర్చున్నాం. ఇంటావిడ తెచ్చిన సర్వపిండి అత్తగారు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు. అత్తగారి పులిహోర కావలిదారు తిని, ఇంకొంచెం ఉంటే మేకకు కూడా పెట్టేవాణ్ణన్నాడు. అది పొగడ్తో కాదో ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన మాత్రం కొత్త చొక్కా చెరువులో ఉతుక్కుని, బనీనుతో కూర్చుని, దూరం నుంచి బురుజుకేసి చూస్తూ అందులోని నిర్మాణ లోపాలు మాకు వివరించారు. తిరుగుదారిలో, ఈ సంగతి ఎక్కడా అనొద్దని ఇంటావిడ దగ్గర మాట తీసుకున్నారు. "నాకేం పని అల్లుడా, అననంటె అనను," అంది ఆవిడ. మర్నాడు పాలు పోసిన ఇల్లల్లా ఆ కథ విన్నది. బుధవారానికల్లా బాలానగర్ చేరింది. ఫ్యాక్టరీలో మేకపిల్లలెలా ఉన్నాయని ఆయన్ని అడగని వాళ్ళు లేరు.

అత్తగారు ఆ వారమే వెళ్ళాల్సింది, ప్రయాణం మానుకున్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసులు రెండు పట్టుకుని గోడ దగ్గరికి పోయేవారు. ఒకటి అవతలికి అందించేవారు.

శనివారం సాయంత్రం ఇంటావిడ గోడమీంచి తొంగిచూసి అడిగింది: "గోల్కొండ కోట ఎన్నడన్న ఎక్కినవా వదినె?"

"ఎక్కడండీ! బాగా ఎత్తుంటుందా?"

"ఓ, మా బురుజసొంటివి దానిమీద ఎన్ని పెట్టొచ్చో!"

మా ఆయన అన్నం తింటున్నారు. తలెత్తకుండా, రేపు ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఉందన్నారు. ఆదివారం ఫ్యాక్టరీ గేటుకి తాళమేస్తారని మా అందరికీ తెలుసు, బర్రెలతో సహా. తెల్లారి మేము లేచేసరికి ఆయన సైకిలు ఇంట్లో లేదు.