ఊరు కట్టేసిన రోజు లెక్కల పరీక్ష

మొన్న ఫోన్లో అడిగారు కదా పిల్లలూ, హాల్లో ఫోటోలో కళ్ళజోడు పెట్టుకుని, గొడుగు పట్టుకుని నిలబడ్డావిడ ఎవరని. ఆవిడ మీ తాతయ్యకి అక్క. నాకు వదినగారు. దివిసీమలో ఒక హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. మీ నాన్న ఇంకా నిక్కర్లు వేసుకునే రోజులు, తొంభైల్లో మాట.

వాళ్ళది గుడివాడ. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేవారు. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నాను, నిజంగానే తీరిక ఉండేది కాదు. పొద్దున్నే స్కూలు గేటు దగ్గర నిలబడేవారు. ఆలస్యంగా వచ్చింది పిల్లాడైనా, మేష్టారైనా ఒకటే. పల్లెత్తు మాట అనరు. గొడుగు చివరతో గోడమీద గడియారం చూపించేవారు, అంతే. తుఫానొస్తోందని రేడియోలో వినపడగానే వెళ్ళి స్కూలు తలుపులు తీసి పెట్టేవారు, ఎవరి ఆర్డరు కోసమూ ఆగకుండా. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా, గట్టు జరిపారని అన్నదమ్ములు కొట్టుకున్నా, చివరికి మా అరుగు మీదకే వచ్చేవాళ్ళు. మీ తాతయ్యకి ఇరిగేషన్‌లో ఉద్యోగం అక్కడే కాబట్టి అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఎన్ని టీలు పెట్టానో ఆ తగవులకి!

కృష్ణ పాయకి అవతల ఒక పల్లె ఉండేది. అందరూ చేపల వేట మీద బతికేవాళ్ళే. మగపిల్లలు పడవెక్కి స్కూలుకి వచ్చేవాళ్ళు గానీ, ఆడపిల్లల్ని కాస్త ఎదగ్గానే మానిపించేసేవాళ్ళు. మా వదినగారు ఆ పడవలో ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో. చివరికి ఇద్దరు ఆడపిల్లలు పదో తరగతి దాకా వచ్చారు. ఆ ఏడు పదిలో ఆ పల్లె పిల్లలు వాళ్ళిద్దరే. అందులో ఒకమ్మాయి ఆ ఊరి పెద్దాయన మనవరాలు. ఆ పెద్దాయన ముందే చెప్పేశాడు: "పాసైతే కాలేజీ అంటున్నారు, సరే మేడంగారూ. తప్పితే మాత్రం రొయ్యల షెడ్డుకి పంపుతాం. ఇంకే ఆడపిల్లనీ మీరు అడగకూడదు." ఆవిడ సరేనన్నారు. ఊళ్ళో ఎదుగుతున్న ఆడపిల్లలందరి చదువూ ఆ ఇద్దరి మీద పడింది.

ఆ పల్లెలో ఏటా గంగమ్మ జాతర చేస్తారు. జాతర మొదలయ్యేముందు ఊరు కట్టేస్తారు. అంటే పొలిమేర చుట్టూ వేపాకు తోరణం కట్టేస్తారన్నమాట. కట్టాక, మళ్ళీ విప్పేదాకా, లోపలి వాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పడవలు కూడా ఒడ్డునే. ఇంటికో ఆడపడుచు పసుపునీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని అమ్మవారి దగ్గరికి వెళ్ళాలి. ఏ ఇంటి బిందె రాకపోయినా ఆ ఇంటి పడవకి ఆ ఏడు వేట ఉండదని వాళ్ళ నమ్మకం.

ఆ ముందేడు బిందెలు ముందు ఎవరి వీధి నుంచి కదలాలని పెద్ద గొడవైతే, వదినగారే వెళ్ళి సర్దిచెప్పారు. సంతోషపడి అమ్మవారి ముందు ఆవిడకి చీర పెట్టారు. ఈసారి జాతర రోజు కూడా మీరే చెప్పండన్నారు. ఆవిడ ఉగాది వెళ్ళాక ఒక రోజు చెప్పారు. అప్పటికి పరీక్షలు అయిపోతాయని ఆవిడ లెక్క. దండోరా వేశారు, ముడుపు కట్టారు. ఆ తర్వాత చూడండి, పరీక్షలు వాయిదా పడ్డాయి! లెక్కల పరీక్ష సరిగ్గా జాతర మధ్యలో పడింది.

ఆ కబురు వచ్చిన రోజు ఆవిడ అన్నం తినలేదు. "టైంటేబుల్ రాకుండా నోరు జారానే" అని ఒక్కసారే అన్నారు. తర్వాత లేచి, "చీర మార్చుకో, అవతలికి వెళ్దాం" అన్నారు.

"నేనెందుకండీ వదినా?"

"ఒక్కదాన్ని తిట్లు తినలేను, సగం నువ్వు తిను."

పెద్దాయన వల అల్లుతూ కూర్చున్నాడు. విషయం విని తలెత్తలేదు. "రోజు మార్చమంటారా? అమ్మవారికి చెప్పేశాక మార్చేదేముంది?" అన్నాడు.

"మార్చమనను. పిల్లలిద్దర్నీ ఊరు కట్టేముందే మా ఇంటికి పంపండి. పరీక్ష రాసి, ఊరు విప్పాక వస్తారు."

"మరి మా రెండిళ్ళ బిందెలు ఎవరెత్తుతారు? మా కోడళ్ళు ఎత్తకూడదు, ఆడపడుచే ఎత్తాలి. రెండిళ్ళలోనూ వేరే ఆడపిల్లలు లేరు మాకు."

"నేనెత్తుతాను."

అక్కడున్న ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. "మీరేమన్నా మా ఇంటి ఆడపడుచా మేడంగారూ?"

"పోయినేడు అమ్మవారి ముందు నాకు చీర పెట్టింది ఎవరు? చీర పెట్టేది ఆడపడుచుకే కదండీ. ఏం, పెట్టి మర్చిపోయారా?"

పెద్దాయన భార్య బాగా నోరున్న మనిషి. "పెట్టింది నేనేగా, నాకు గుర్తుంది. ఇంకేం మాట్లాడతావయ్యా, కాదంటావా?" అంది. తర్వాత నావైపు తిరిగి, "రెండో బిందెకి ఈవిడుందిగా" అంది.

నేను గాభరాపడి "నేను కాదండీ, నాకు చీర పెట్టలేదుగా" అన్నాను. అనకపోయినా బాగుండేది. ఆవిడ లోపలికి పోయి కొత్త జాకెట్టు ముక్క తెచ్చి, నా నుదుట బొట్టు పెట్టి ఒళ్ళో పడేసింది. "చీర జాతర రోజు పెడతాం. ఇక నువ్వూ మా పిల్లవే" అంది. వదినగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వు ఆపుకోవడం చూశాను.

ఊరు కట్టే రోజు పిల్లలిద్దరూ ఇవతలికి వచ్చేశారు, మేమిద్దరం అదే పడవలో అవతలికి వెళ్ళిపోయాం. వాళ్ళకి వండిపెట్టి, మోపిదేవిలో సెంటరుకి బస్సులో తీసుకెళ్ళే పని మీ తాతయ్యది. పప్పు మాడ్చారట. ఆ పిల్లలు ఆయన్ని పక్కకి తప్పించి, వాళ్ళే చేపల పులుసు పెట్టుకున్నారట. మీ తాతయ్య ఎప్పుడూ ఒప్పుకోలేదనుకోండి.

పరీక్ష రోజు పొద్దున్నే బిందెలెత్తాం. నా బిందె రెండడుగులకోసారి ఒలికిపోయేది. వెనక పిల్లలు "అత్తా, అమ్మవారికి చుక్కన్నా మిగల్చు!" అని ఒకటే గోల. వదినగారు మాత్రం స్కూలు అసెంబ్లీలో నడిచినట్టు నిటారుగా నడిచారు. కానీ చూపు పాయ మీదే. ఇప్పుడైతే సెల్‌ఫోన్లున్నాయి. అప్పుడు ఆ పిల్లలు బస్సెక్కారో లేదో, పేపరెలా వచ్చిందో తెలిసే దారే లేదు. తోరణం దాటితే మాట తప్పినట్టే. ముప్పై ఏళ్ళు పిల్లల చేత పరీక్షలు రాయించిన మనిషి, ఆ రోజు గుడి మెట్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "పెద్దాయన మనవరాలికి త్రికోణమితి దగ్గర తడబాటు" అన్నారు నాతో మెల్లిగా. భయపడుతున్నారా అంటే, "లేదు. నేర్పింది నేను కదా" అన్నారు. అన్నాక మళ్ళీ పాయ వైపే చూశారు.

ఊరు విప్పిన రోజు మొదటి పడవలో వచ్చారు పిల్లలిద్దరూ. ఊరంతా రేవు దగ్గరే ఉంది. రెండో అమ్మాయి పడవ దిగకుండానే "అన్నీ రాశానండీ!" అని అరిచింది. పెద్దాయన మనవరాలు మాత్రం నెమ్మదిగా దిగింది.

"త్రికోణమితి వచ్చిందా?" అన్నారు వదినగారు. కుశలం లేదు, మంచినీళ్ళు లేవు.

"లైట్‌హౌసు లెక్క వచ్చిందండీ. చేశాను గానీ..."

"చెయ్యి. ఇక్కడ చెయ్యి."

తడి ఇసకలో ఆ అమ్మాయి పుల్లతో లైట్‌హౌసు గీసింది, కింద నీళ్ళలో పడవ గీసింది. పైనుంచి పడవకి గీత లాగి, నిమ్న కోణం పెట్టింది. చుట్టూ జనం. ఒకడు "పడవలో మనిషి లేడేంటే?" అంటే, "ఊరు కట్టేశారుగా, ఎట్టా వస్తాడు?" అని ఆ పిల్లే అంది. అందరూ నవ్వారు. వదినగారు నవ్వలేదు. ఒక్కో మెట్టూ వంగి చూశారు. చివర పడవ దూరం రాసి ఆ అమ్మాయి తలెత్తింది.

"పరీక్షలోనూ ఇదే రాశావా?"

"ఇదే రాశానండీ."

ఆవిడ నిటారుగా నిలబడి పెద్దాయన వైపు తిరిగారు. "సరిపోయిందండీ" అన్నారు.

ఆయన వంగి ఆ ఇసకలో గీతల్ని చూశాడు. "ఫలితాలు రావాలిగా ఇంకా" అన్నాడు.

"వస్తాయి. వచ్చేదాకా ఆగాలంటే ఆగండి. నేనాగను, ఇవాళే బందరు కాలేజీ అప్లికేషను తెప్పిస్తాను."

పెద్దాయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత ఊరంతా వింటుండగా అడిగాడు: "బందర్లో ఆడపిల్లలకి హాస్టలుందా మేడంగారూ? భోజనంలో చేపలు పెడతారా?"