జామచెట్టు కింద నేను పడనన్న రోజు

చిన్నప్పుడు నేను రోజూ చచ్చిపోయేదాన్ని... బడి నుంచి వచ్చి, గౌను మార్చుకుని, టీ తాగేలోపు.

దక్షిణాఫ్రికాలో, డర్బన్ దగ్గర సీ కౌ లేక్ అనే పేటలో మా ఇల్లు. అద్దెకు తెచ్చే వీడియో క్యాసెట్లలో సగం యుద్ధం సినిమాలే. అప్పటి తెల్ల ప్రభుత్వం సరిహద్దు దాటి పొరుగు దేశాల్లో చేసిన యుద్ధాలు... సినిమాలో మాత్రం దాటినవాడే హీరో. శత్రువుకి ఒక్క డైలాగు ఉండదు. తుపాకీ 'టటట' అనగానే పడిపోవడమే వాడి పాత్ర.

ఆ విదేశాంగ విధానాన్ని మా పెరట్లో తు.చ. తప్పకుండా అమలు చేసిన మహానుభావుడు మా పెదనాన్న కొడుకు ప్రేమన్న. వాళ్లిల్లు గోడకి అవతల. చీపురుకట్ట తుపాకీతో గోడ దూకి వచ్చేవాడు. నేను చిన్నదాన్ని కాబట్టి శత్రువుని. కాల్చగానే జామచెట్టు కింద మట్టిలో పడాలి. ఆయన నుదుటి చెమట తుడుచుకుని ఆకాశంలోకి చూసేదాకా కదలకూడదు. ఆ తర్వాత గౌనంతా మట్టి చేశానని మా అవ్వ చేతిలో రెండో చావు...

తెల్లవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వస్తుందని ఊరంతా ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, ఒక సాయంత్రం నేను పడలేదు.

"ఏయ్, పడు మేన్! కాల్చినా గదా!" మా డర్బన్‌లో ఆడపిల్లనైనా 'మేన్' అనే అంటారు.

"పడను."

"పిక్చర్‌లో అందరూ పడతారు. నువ్వు నా బార్డర్ దాటినావు!"

"నేనేడ దాటినా? మా జామచెట్టు కాడే ఉండా. గోడ దూకింది నువ్వు!"

ప్రేమన్న గోడకేసి చూశాడు. వాస్తవం ఆయనకి అనుకూలంగా లేదు. కాబట్టి మళ్లీ కాల్చాడు.

నేను నిలబడే ఉన్నాను.

"అయితే నీకు ఆట లేదు, పో!"

మా వీధిలో ఆడపిల్లని ఆటలోకి రానిచ్చేది ఆయన ఒక్కడే. అయినా సరే, మోకాలు వంచలేదు...

కొన్నాళ్లు ఆయన ఒంటరిగా యుద్ధం చేశాడు. అవ్వ కోళ్లని కాల్చాడు. అవీ పడలేదు.

టీవీలో పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని దేశం సంగతి తేల్చుకుంటున్నారు. మేమూ వంటింటి గడప మీద, అవ్వ సమక్షంలో, చర్చలకి కూర్చున్నాం.

"ఓ రోజు నువ్ సావు, ఓ రోజు అది సత్తాది. కాదంటే ఇద్దరికీ సీపురు తిరగేత్తాను!" అంది అవ్వ.

మర్నాడు చావు ప్రేమన్న వంతు. నేను గోడ దూకి చీపురు ఎత్తాను. ఆయన కిందున్న మట్టిని చూశాడు. ఉతికిన చొక్కాని చూసుకున్నాడు...

"వేరే ఆట ఆడదామా?"

అలా మా పెరట్లో యుద్ధం ముగిసింది.

ఇప్పుడు మౌంట్ ఎడ్జ్‌కోంబ్ వైపు మాల్లో, మెత్తటి కుర్చీల్లో, ఇద్దరం యుద్ధం సినిమాలు చూస్తుంటాం. దేశాలు మారాయి, యూనిఫారాలు మారాయి... శత్రువుకి డైలాగు మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు. వాళ్లు పడుతుంటే నేను గట్టిగానే అంటాను, "పడొద్దు మేన్, లే!" అని. పక్కన ప్రేమన్న తల పట్టుకుంటాడు.

జామచెట్టు పోయింది. ఆ గోడ మీద ఇప్పుడు కరెంటు కంచె... ఎవరూ దూకలేరు, ఆటకైనా.

మీ వీధి యుద్ధాల్లో రోజూ పడినవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి... ఈసారి డైలాగు మీదే.